డీఎస్ఎల్ఆర్ బదులు జేబులో పట్టే కెమెరా: లెన్స్ అంచు మీది అంకెలు చదివి కొనండి

మీ దగ్గర నికాన్ డీ5600 డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా), దానితోపాటే వచ్చే 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. బరువు మోయలేక ఊరెళ్లినప్పుడు ఇంట్లోనే వదిలేస్తున్నారు. జేబులో పట్టే కెమెరాకి మారితే ఫొటో ఎంత దెబ్బతింటుంది, ఏది కొనాలి అన్నది మీ ప్రశ్న.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆ డీఎస్ఎల్ఆర్‌కి ఎప్పుడూ తగిలి ఉండేది కిట్ లెన్సేనా? అయితే సరైన పాకెట్ కెమెరా కొంటే నష్టం దాదాపు లేదు. పెద్ద కన్నమున్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెట్టి పిల్లల ముఖాలు తీసే అలవాటుంటే మాత్రం ఏ పాకెట్ కెమెరా ఆ పని చెయ్యదు. రెండూ ఉంచుకోవాల్సిందే.

ఎందుకంటే తక్కువ వెలుతురులో ఫొటో ఎంత శుభ్రంగా వస్తుందో, వెనక దృశ్యం ఎంత మసకబారుతుందో తేల్చేది ప్రధానంగా వెలుతురు లోపలికొచ్చే లెన్స్ కన్నం (ఎపర్చర్) సైజు. దాన్ని కొలవడానికి షాపులోనే చిన్న భాగహారం చాలు. లెన్స్ అంచు చుట్టూ చిన్న అక్షరాల్లో అసలు ఫోకల్ లెంగ్త్ (దృశ్యాన్ని ఎంత దగ్గరకి లాగుతుందో చెప్పే ఎంఎం అంకె), ఎఫ్ నంబరు అచ్చువేసి ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మీ కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6, అంటే కన్నం 9.8 మిల్లీమీటర్లు. 18 దగ్గర ఎఫ్/3.5, అంటే 5.1. ఇప్పుడు సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3 చూడండి. దాని మీద 8.8-25.7, ఎఫ్/1.8-2.8 అని ఉంటుంది. వైడ్‌లో, అంటే జూమ్ చెయ్యనప్పుడు 4.9, జూమ్ చివర 9.2. మీ కిట్ లెన్స్‌కీ దీనికీ తేడా గోరంత! కిట్ లెన్స్‌తో ఎఫ్/3.5, ఐఎస్ఓ (చీకట్లో ఫొటో వెలుగు పెంచే అమరిక, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 3200 పెట్టే చోట దీనికి ఎఫ్/1.8, ఐఎస్ఓ 800 చాలు. సెన్సర్ (ఫొటో పట్టే చిప్) చిన్నదవడం వల్ల పోయింది ఐఎస్ఓ తగ్గడంతో తిరిగొస్తుంది. అదే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కన్నం 28 మిల్లీమీటర్లు, ఇంచుమించు పది రూపాయల బిళ్ళంత. చొక్కా గుండీ అంత కన్నంతో దానికి పోటీ పెట్టలేం.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఫ్రేములో పట్టే వెడల్పు రెండింటిలో సమానంగా ఉండాలి. అందుకే స్పెసిఫికేషన్లలో '35 ఎంఎం సమానం' అని రాసే 24-70, 24-100 లాంటి అంకెల్ని ఇది ఎంత వెడల్పు, ఎంత దగ్గర అని తెలుసుకోవడానికే వాడండి. భాగించేది మాత్రం అసలు ఫోకల్ లెంగ్త్‌నే.

ఈ లెక్కతో చూస్తే ప్రకటనల్లో కనిపించని సంగతులు బయటపడతాయి. 2012లో వచ్చిన మొదటి ఆర్ఎక్స్100 కూడా ఎఫ్/1.8 అనే చెప్పుకుంది. కానీ జూమ్ చివర 37.1 ఎంఎం దగ్గర అది ఎఫ్/4.9కి పడిపోతుంది, కన్నం 7.6. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2, మార్క్ 3ల్లో జూమ్ చివర 36.8 ఎంఎం, ఎఫ్/2.8. కన్నం 13.1. రెండూ దాదాపు 100 ఎంఎం సమానమే, అయినా కెనాన్‌లోకి మూడు రెట్లు వెలుతురు వస్తుంది. అంటే ముఖాలు తియ్యడానికి జీ7 ఎక్స్ మీ కిట్ లెన్స్ కంటే మెరుగు. ఇంకో తమాషా: కెనాన్ జీ1 ఎక్స్ మార్క్ 3లో సెన్సర్ డీఎస్ఎల్ఆర్ సైజుదే. కానీ లెన్స్ 15-45, ఎఫ్/2.8-5.6. జూమ్ చివర కన్నం 8 మిల్లీమీటర్లే. పెద్ద సెన్సర్ అని ఎక్కువ డబ్బు పోసి, చీకట్లో చిన్న సెన్సర్ కెమెరాకి మించి ఏమీ రాబట్టలేరు.

ఇక ఏది కొనాలంటే, నా ఓటు ఇలా. ప్యాంటు జేబు, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ), ఇంటా బయటా వాడకం కావాలంటే ఆర్ఎక్స్100 మార్క్ 3 లేదా 5ఏ. లెన్స్ ఒకటే, మార్క్ 3 బరువు 290 గ్రాములు. మీ నికాన్, కిట్ లెన్స్ కలిపి దాదాపు 670 గ్రాములు. పరిగెత్తే పిల్లల్ని తియ్యాలంటే 5ఏ తీసుకోండి. దానిలో తడుముకోకుండా వెంటనే ఫోకస్ పట్టే ఫేజ్ డిటెక్ట్ పద్ధతి ఉంది. మార్క్ 3 ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకునేలోపు పిల్లాడు ఫ్రేము దాటిపోతాడు. జీ7 ఎక్స్‌కీ ఇదే జబ్బు, పైగా వ్యూఫైండర్ లేదు, మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనపడదు. వీడియోలు తీసేవాళ్లు ఎగబడడంతో దాని మార్క్ 3 దొరకడం కూడా కష్టమైంది.

ఆర్ఎక్స్100 మార్క్ 7 (24-200) గుళ్లూ గోపురాలూ తిరిగేవాళ్లకి. రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనికల్ని నేల మీద నుంచి ఫ్రేము నిండా తియ్యాలంటే మార్క్ 3 (24-70) జూమ్ చివరి 70 సరిపోదు, 200 కావాలి. కానీ వైడ్‌లో దాని కన్నం 3.2 మిల్లీమీటర్లే. రాత్రి ఇంట్లో మార్క్ 3 కంటే వెనకబడుతుంది. మార్క్ 3, 5ఏలలో ఉండే ఎన్‌డీ ఫిల్టర్ (మరీ ఎండలో వెలుతురు తగ్గించే అద్దం) కూడా ఇందులో తీసేశారు.

జూమ్ అక్కర్లేదు, వీధులు తియ్యాలి అంటే రికో జీఆర్ 3. 28 ఎంఎం సమానం, డీఎస్ఎల్ఆర్ సైజు సెన్సర్, 257 గ్రాములు. స్నాప్ ఫోకస్ (ముందే పెట్టుకున్న దూరానికి ఫోకస్) 2 మీటర్లకి, ఎపర్చర్ ఎఫ్/5.6కి పెడితే సుమారు 1.2 నుంచి 6 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. బటన్ ఒక్కసారే పూర్తిగా నొక్కితే ఫోకస్ కోసం ఆగదు. లోపాలు: ఫ్లాష్ లేదు, బ్యాటరీ సుమారు 200 ఫొటోలకే అయిపోతుంది, దుమ్ము లోపలికి పోతుంది.

వాడేటప్పుడు డీఎస్ఎల్ఆర్ అలవాట్లు రెండు మార్చుకోవాలి. ఒకటి, ప్రకృతి దృశ్యాలకి ఎఫ్/8, ఎఫ్/11 పెట్టకండి. ఆర్ఎక్స్100, జీ7 ఎక్స్‌ల్లో ఉండే ఒక అంగుళం సెన్సర్ మీద ఎఫ్/4 పెడితేనే దగ్గరా దూరమూ స్పష్టంగా రావడంలో మీ నికాన్‌లో ఎఫ్/7 అంత లోతు వస్తుంది. ఎఫ్/8 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. రెండు, ఎండలో ఫ్లాష్ వాడడానికి జంకకండి. డీ5600లో ఫ్లాష్ లేస్తే షట్టర్ 1/200 దాటదు. ఈ కెమెరాల షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి ఆర్ఎక్స్100లో 1/1000 పెట్టినా ఫ్లాష్ పనిచేస్తుంది. చెట్టు నీడలో నిలబడ్డ మనిషి, వెనక మండే ఎండ: మీటరు దూరం నుంచి ఇలా తీస్తే ముఖమూ ఆకాశమూ రెండూ దక్కుతాయి. ఇంట్లోనైతే పైకి లేచిన ఆ ఫ్లాష్‌ని చూపుడువేలితో మెల్లగా వెనక్కి వంచి పట్టుకోండి. వెలుతురు సున్నం వేసిన స్లాబుకి కొట్టుకుని మెత్తగా పడుతుంది. ఐఎస్ఓ 800కి పెంచాలి, లేకపోతే ఆ చిన్న ఫ్లాష్ చాలదు.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకి '48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్' అని అమ్మేవాటి జోలికి పోవద్దు. వాటి లెన్స్ మీద ఫోకల్ లెంగ్త్ ఒకే అంకె ఉంటుంది. ఒకే అంకె ఉంటే ఆప్టికల్ జూమ్ లేనట్టే. ఆ 16ఎక్స్ అంతా ఫొటోని కోసి సాగదీయడమే. మీ ఫోనే వాటికంటే నయం.

సెకండ్ హ్యాండ్ కొంటే (చాలామంది కొనేది అదే) పావుగంట పరీక్ష చెయ్యండి. పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చెయ్యండి, లెన్స్ బయటికొచ్చేటప్పుడు చెవి దగ్గర పెట్టుకోండి. సాఫీగా జుయ్‌మనాలి. గరగరమంటే ఇసుక చేరింది, ఇవాళో రేపో లెన్స్ సగంలో ఇరుక్కుని ఎర్రర్ చూపిస్తుంది. బీచ్‌కి తీసుకెళ్లిన కెమెరాలకి ఇది మామూలే, లెన్స్ మొత్తం మార్చడానికయ్యే ఖర్చుకి ఇంకో కెమెరా వస్తుంది. తర్వాత ఎఫ్/11 పెట్టి, జూమ్ రెండు చివర్లలోనూ తెల్ల గోడని తీసి ఫొటో పెద్దది చేసి చూడండి. బూడిదరంగు మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. డీఎస్ఎల్ఆర్‌లా లెన్స్ తీసి బ్లోయర్‌తో ఊదే వీలు లేదు, కెమెరా విప్పాల్సిందే. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ఎదురుగా నిటారుగా నిలబడి ఎఫ్/2.8లో తియ్యండి. నాలుగు మూలల్లో ఒక్క మూల అక్షరాలే అలుక్కుపోతే లెన్స్ పక్కకి జరిగింది, ఎప్పుడో కింద పడేసి ఉంటారు. టార్చ్ వేసి లెన్స్‌లోకి చూడండి, సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వాడినవాటికి ఇది తప్పనిసరిగా చూడాలి.

సోనీ అయితే డబ్బులిచ్చే ముందు మెనూలో భాష మార్చి చూడండి. జపాన్‌లో అమ్మడానికి చేసిన సోనీలు చవగ్గా ఇక్కడికొస్తుంటాయి. వాటిలో జపనీస్ తప్ప ఇంకో భాష ఉండదు.