రెండేళ్ల పాపతో లేహ్: ఆక్సిజన్ ఎంతకి పడితే భయపడాలి?

హైదరాబాద్ నుంచి విమానంలో నేరుగా లదాఖ్‌లోని లేహ్ వెళ్తున్నాం, పాపకి ఆక్సిజన్ ఎంతకి తగ్గితే ప్రమాదం అని అడిగారు. అంకె కంటే ముందు పాప ముఖం చూడండి.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే, గాలి ఒత్తిడే మూడింట రెండొంతులకి పడిపోతుంది. అందుకే మొదటి రోజు హుషారుగా ఆడుకునే బిడ్డకి కూడా ఆక్సిమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు) 85 నుంచి 92 శాతం మధ్య చూపిస్తుంది, నిద్రలో ఇంకాస్త తక్కువ. పెద్దవాళ్ల క్లిప్పు ఆ చిన్న వేలికి వదులవుతుంది, వేళ్లు చల్లబడితే లేని భయం పెడుతుంది. పిల్లలది కొనండి. కాలి బొటనవేలిని అరచేతిలో వెచ్చబెట్టి, పాప కదలనప్పుడు తగిలించి, నాడి అంకె నిలకడపడ్డాక అర నిమిషం చూడండి.

తలనొప్పి అని రెండేళ్ల పిల్ల చెప్పలేదు. దిగిన నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల్లోపు ఆపకుండా మారాం చేస్తున్నా, పాలూ తిండీ వద్దంటున్నా, వాంతి చేసుకున్నా, ఆట మానేసి భుజం మీద వాలిపోతున్నా అది ఎత్తు వల్లేననుకోండి. ప్రయాణం బడలికలే అని సరిపెట్టుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. మత్తు తెచ్చే జలుబు సిరప్ అసలు వేయొద్దు, మగత మందుదో జబ్బుదో తెలియకుండా పోతుంది.

నిద్రలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగి మళ్లీ గబగబా తీసుకోవడం ఆ ఎత్తులో మామూలే. డొక్కలు ఎగరేస్తున్నా, కదలకుండా ఉన్నా ఆయాసపడుతున్నా, పెదాలు నీలమైనా, లేపితే లేవకపోయినా మాత్రం అర్ధరాత్రైనా లేహ్‌లోని సోనమ్ నుర్బూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంకె బాగుందని ఆగకండి. చేతి ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలే వస్తుంది. శ్రీనగర్ వైపు దిగిపోదామన్నా ముందు 4,100 మీటర్ల ఫోటూ లా కనుమ ఎక్కాలి, కాబట్టి రాత్రి ఆసుపత్రి ఆక్సిజనే దిక్కు.

వీలుంటే శ్రీనగర్‌లో రెండు రాత్రులు, 2,700 మీటర్ల కార్గిల్‌లో ఒకటి ఆగి రోడ్డున వెళ్లండి. విమానమే అయితే మొదటి రెండు రోజులు హోటల్ దాటొద్దు. 4,250 మీటర్ల పాంగాంగ్ సరస్సు దగ్గర రాత్రి బస ఈసారికి మానేయండి. బయల్దేరే వారంలో జలుబూ దగ్గూ ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు పెరుగుతుంది. గుండెలో రంధ్రం ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా పిల్లల డాక్టర్ సరేనన్నాకే టికెట్లు. ఎత్తు జబ్బు రాకుండా వేసే అసిటజోలమైడ్ మోతాదు పాప బరువుని బట్టి ఆయనే చెప్పాలి, పెద్దల మాత్ర సగం విరిచి వేయకండి.