తొక్క, టెంక ఒకే గుంతలో వేయకండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో తోతాపురి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ. సీజన్‌లో రోజుకు 40 టన్నుల కాయ ఆడిస్తాం. తొక్కలు, టెంకలు ట్రాక్టర్లతో వెనుకనున్న గుంతకు తోలిస్తున్నాం. ఆ వాసన, ఈగలు భరించలేక పక్క ఊరివాళ్లు గొడవకు వస్తున్నారు. తొక్క నుంచి పెక్టిన్ (జామ్ గట్టిపడటానికి వాడే పదార్థం) తీస్తే లాభమని విన్నాం. ఆ యంత్రాలు పెట్టుకోమంటారా?

జవాబు: ఇప్పుడే ఆ జోలికి వెళ్లకండి. తొక్కను ఆమ్లం కలిపిన వేడినీటిలో ఉడికించి, వడకట్టి, ఆ ద్రవంలో ఆల్కహాల్ పోస్తేనే పెక్టిన్ గడ్డకడుతుంది. వాడిన ఆల్కహాల్‌ను మళ్లీ రాబట్టుకోకపోతే ఖర్చు గిట్టదు. కొద్ది నెలల సీజన్ కోసం అంత పెట్టుబడి మీలాంటి ఫ్యాక్టరీకి మోయలేని బరువని నా అభిప్రాయం.

ముందు చేయవలసిన పని వేరే ఉంది. తొక్క, టెంక కలిపి కాయ బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటాయి కనుక మీ గుంతకు రోజూ 13 నుంచి 20 టన్నులు చేరుతున్నట్టు లెక్క. అందులో కొంత గుజ్జే. పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) నుంచి బయటపడ్డ టెంకను చేతిలోకి తీసుకుని పిండి చూడండి: పీచులోంచి పసుపు గుజ్జు వేళ్ల సందుల్లోకి కారిందంటే, మీరు డబ్బిచ్చి కొన్న సరుకే గుంతపాలవుతోంది. జల్లెడకూ తిరిగే రెక్కలకూ మధ్య ఉన్న సందును సరిచేయించాకే మిగతా ఆలోచన.

తర్వాతిది వేళకు సంబంధించిన మాట. ఒకచోట తొక్క, టెంక, నేల కడిగిన నీళ్లు మూడూ ఒకే కాలువలో పడటం నేను చూశాను. పల్పర్ నోటి దగ్గర పసుపుగా, మామిడి వాసనతో ఉన్న తొక్కే రెండో రోజుకు గుంతలో పైన బూజు, అడుగున నల్లనీరుగా మారింది. ఆ ముద్దను మేతకైనా ఎవరూ తీసుకోలేదు. తడి తొక్కలోని ఎంజైములు పెక్టిన్‌ను త్వరగా విరగ్గొడతాయి, చక్కెర పులుస్తుంది. అందువల్ల పెక్టిన్ తయారీదారులకు అమ్మదలచుకుంటే తొక్కకు వెంటనే ఆవిరి పట్టించి, పిండి, తేమ పదో వంతుకు దిగేదాకా ఆరబెట్టాలి. అది వీలుకాకపోతే తరిగిన వరిగడ్డితో కలిపి, గాలి చొరకుండా తొక్కించి పాతర వేయండి. పాడి రైతులకు మేతగా పనికివస్తుంది. ఒట్టి తొక్కలో నీరు ఎక్కువ కనుక గడ్డి మానవద్దు.

టెంకను మాత్రం మొదటి నుంచీ విడిగానే పట్టుకోవాలి. ఎండిన జీడిలో, అంటే టెంక లోపలి పప్పులో, వందకు సుమారు 7 నుంచి 12 వంతుల కొవ్వు ఉంటుంది. దాని గుణం కోకో వెన్నకు దగ్గర. ఐరోపా సమాఖ్య 2000 నాటి చాక్లెట్ నిబంధనల్లో కోకో వెన్నతో పాటు వాడనిచ్చిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వూ ఒకటి. తడిగా నిల్వ ఉంటే ఆ కొవ్వు చెడి ఆమ్లత్వం పెరుగుతుంది, ధర పడిపోతుంది. టెంకలు కడిగి, ఎండబెట్టి, పగలగొట్టించి జీడిని నూనె తీసే ఫ్యాక్టరీలకు అమ్మండి. పెంకు మీ బాయిలర్‌కే పనికివస్తుంది.

ప్రశ్న: గుంటూరు మిరప నుంచి ఒలియోరెసిన్ (రంగు, కారం ఉండే చిక్కటి సారం) తీశాక మిగిలే పిప్పిని దాణాలో కలపవచ్చా?

జవాబు: కలపవచ్చు, కానీ పరీక్షించాకే. రంగును, కారాన్ని లాగడానికి వాడిన హెక్సేన్ వంటి ద్రావకం పిప్పిలో మిగిలి ఉంటుంది కనుక దాన్ని ఆవిరితో పూర్తిగా తరిమేయాలి. ఆపైన పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) ఎంత ఉన్నాయో ప్రయోగశాలలో చూపించాలి. పక్షులకు మిరప కారం తెలియదు గనుక కోళ్ల దాణాలో మిగిలిన ఘాటు అడ్డంకి కాదు. అయితే ఈ పిప్పికి రంగు పూసి కారంపొడిలో కలిపే వ్యాపారులు ఎవరైనా అడిగితే, ఎంత ధర ఇస్తామన్నా ఒక్క బస్తా కూడా ఇవ్వకండి. అది నేరం, తినేది మన పిల్లలు.