మొహమాటానికి ఎంత, మనసుకి ఎంత?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. వయసు 34. సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) కోతలు పోగా చేతికి 46 వేలు వస్తుంది. మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు, 18 వేలు ఇస్తారు. ఇద్దరు పిల్లలు. నెలకి 5 వేల చిట్ కడుతున్నాం. ట్యాక్స్ కలిసొస్తుందని చెప్పి బంధువులు కట్టించిన రెండు పాలసీలకి ఏడాదికి 62 వేలు పోతుంది. ఆడపడుచు పెళ్ళికి తాకట్టు పెట్టిన నా బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది, లోను లక్షా 80 వేలు. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ చదివింపులు సగటున నెలకి 3 వేలు. బడిలో పిల్లలకి పెన్నులనీ మందులనీ ఆటో చార్జీలనీ 3,500 దాకా పెడుతున్నాను. దీని మీదే ఇంట్లో గొడవ. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అంటారు మా ఆయన. నా క్లాసులో, ఐదో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళ నాన్నకి డయాలసిస్. ఈ ఏడాదితో పాపని మాన్పించేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇది చాలదన్నట్టు తోటికోడలి తమ్ముడు 5 లక్షల చిట్‌కి ష్యూరిటీ సంతకం పెట్టమని తిరుగుతున్నాడు. కాదంటే ఏమనుకుంటారో అని భయం. పిల్లలకి పెట్టడం నా తప్పేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండోసారి పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదివాను. విజయనగరం జిల్లాలో 1987 నుంచి 33 ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. పాలసీలకి ఏడాదికి 62 వేలంటే నెలకి 5 వేల పైమాటే. చదివింపులు 3 వేలు. రెండూ కలిపితే 8 వేలు దాటిపోయింది. బడి పిల్లలకి పెడుతున్నది 3,500. ఇంట్లో గొడవ మాత్రం ఈ 3,500 మీదే జరుగుతోంది. ఆ 8 వేల గురించి మీ ఇంట్లో ఎవరూ నోరెత్తినట్టు లేదు.

అందుకే ముందు ఒక పని చేయండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒకవైపు ఇష్టపడి పెట్టిన ఖర్చు, రెండోవైపు మొహమాటానికి పెట్టిన ఖర్చు. మూడు నెలలు రాయండి. మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. నేను ఈ పని నలభై దాటాక మొదలుపెట్టాను, అదీ దెబ్బ తిన్నాక.

ఆ దెబ్బ ష్యూరిటీ సంతకమే. అప్పట్లో చీపురుపల్లి వైపు ఒక హైస్కూల్లో చేస్తున్నాను. తోటి మాస్టారు ఒకాయన మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో వచ్చి, "మేడమ్, ఊరికే ఒక సంతకం, ఫార్మాలిటీ" అన్నారు. మంచి మనిషి, పిల్లలకి బాగా చెప్పేవారు. శాలరీ సర్టిఫికెట్ కూడా ఆయనే టైపు చేయించి తెచ్చారు. కాగితం చదవకుండానే స్టాఫ్ రూమ్ బల్ల మీద సంతకం పెట్టేశాను. 2003లో ఆయన చిట్ కట్టడం మానేశారు. నెలకి 1,800 చొప్పున 26 నెలలు నా జీతంలో కోత పడింది. అదే ఏడాది మా అమ్మాయి ఇంటర్‌లో చేరింది. విశాఖపట్నంలో చేర్పించమని అడిగింది. హాస్టలు డబ్బు సర్దలేక ఊళ్ళోనే చేర్పించాను. అది ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ బరువు.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 128వ సెక్షన్ అని ఉంది. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, జామీను సంతకం పెట్టినవాడికీ అంతే అని దాని అర్థం. చిట్ కంపెనీ ముందు అప్పు తీసుకున్నవాణ్ణి పట్టుకుని తర్వాతే మీ దగ్గరికి రావాలని రూలేమీ లేదు. ప్రభుత్వ జీతం కదిలిపోదు కాబట్టి ముందు మీ దగ్గరికే వస్తారు. టీచర్ల సంతకానికి అంత గిరాకీ అందుకే. కాబట్టి ఆ అబ్బాయికి "ఎవరికీ సంతకం పెట్టకూడదని మేమిద్దరం అనుకున్నాం బాబూ" అని చెప్పేయండి. "మేమిద్దరం" అనే మాట తప్పకుండా ఉండాలి. అప్పుడు అది మీ ఒక్కరి మాట కాదు, ఇంటి మాట అవుతుంది. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నాడనిపిస్తే ఓ 5 వేలు చేతిలో పెట్టి, మళ్ళీ అడగకండి. నాలుగు రోజులు ముఖం తిప్పుకుంటారు, ఆ తర్వాత వాళ్ళే మాట్లాడతారు.

పాలసీల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. మీ జీతం ఏడాదికి ఆరున్నర లక్షల లోపే ఉంటుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, జీతగాళ్ళకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ దానికి అదనం. అంటే ట్యాక్స్ కోసమని కట్టిన పాలసీ మీకు ట్యాక్స్‌లో రూపాయి కూడా మిగల్చడం లేదు. ప్రీమియం ఆపి, కట్టినంత వరకే పాలసీని ఉంచితే (పెయిడప్) ఎంత వస్తుంది, ఇప్పుడే రద్దు చేసుకుంటే (సరెండర్) ఎంత వస్తుంది అని బ్రాంచ్‌కి కాగితం మీద రాసిచ్చి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. బంధువుని అడిగితే మళ్ళీ మొహమాటమే. మీ మీద ఇద్దరు పిల్లలు ఆధారపడి ఉన్నారు కాబట్టి, పాతవి ఆపే ముందు టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చే బీమా, ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. చిట్ డబ్బు చేతికి రాగానే ముందు బంగారం విడిపించుకోండి, మిగతావి తర్వాత.

ఇప్పుడు మీ ఆయన అన్న సామెత. అందులో నిజం ఉందమ్మా. నాకు పాత పెన్షన్ ఉంది, మీకు లేదు. సీపీఎస్‌లో మీ బేసిక్, డీఏ మీద 10 శాతం కోసి, ప్రభుత్వం అంతే వేస్తుంది. రిటైరయ్యాక పోగైనదాంట్లో 60 శాతం దాకా చేతికిస్తారు, 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షనిచ్చే పాలసీ, కొనాలి, నెలనెలా వచ్చేది దాని మీదే. కాబట్టి నేను పెట్టినంత మీరూ పెట్టండని చెప్పలేను. పాలసీల్లో మిగిలిన దాంట్లోంచి నెలకి 3 వేలు పోస్టాఫీసులో పీపీఎఫ్ (దీర్ఘకాలపు పొదుపు ఖాతా)లో వేయండి. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకునేదాకా బడికి పెట్టేది 1,500 దగ్గర ఆపండి. ఆ 1,500 ఒకటో తారీఖునే కవరులో పెట్టేయండి. అయిపోతే అయిపోయినట్టే. పైన ఇంకో అవసరం వస్తే నలుగురు టీచర్లూ కలిసి చూడండి. ఒక్కరే మోయకండి.

ఆ కవరు దేనికి వాడాలో కూడా చెబుతాను. పుస్తకాలు, బ్యాగు, బూట్లు ప్రభుత్వ కిట్‌లో వస్తాయి. కిట్‌లో రానివాటికే వాడండి. మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి బోర్డు చూడకుండా పక్కవాడి నోట్స్ చూసి రాసేవాడు. కాపీ కొడుతున్నాడని రెండు నెలలు తిట్టాను. ఒకరోజు లెక్క అప్పజెప్పమంటే బోర్డుకి జానెడు దూరంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ళమ్మని వెంటబెట్టుకుని విజయనగరం తీసుకెళ్ళి పరీక్ష చేయించి, 350 రూపాయలకి కళ్ళద్దాలు కొన్నాను. తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడి వచ్చిన బస్సు బోర్డల్లా పైకి చదివాడు. పాలకొండ, సాలూరు, బొబ్బిలి, గజపతినగరం. మేం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయినా వాళ్ళమ్మ కదల్లేదు, వాడు చదువుతుంటే వింటూ నిలబడింది. నా జీతంలో ఆ 350 లాంటి ఖర్చు ఇంకోటి గుర్తులేదు నాకు. మీ ఆయన్ని ఒక్క శనివారం బడికి తీసుకెళ్ళండి. ఆ 1,500 ఎవరి కోసమో ఆయనా చూడాలి కదా.

ఆ పాప సంగతికి వస్తే, మీ జిల్లా గిడుగు రామమూర్తిగారే గుర్తొస్తున్నారు. పర్లాకిమిడిలో ముప్పై రూపాయల జీతానికి మాస్టారుగా చేరిన మనిషి. సవర గిరిజన పిల్లల కోసం సొంత డబ్బు పెట్టారు, నిజమే. దానికంటే ఎక్కువగా ఏళ్ళకేళ్ళు కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ పాపకి మీ ఆటో చార్జీ కంటే మీ సాయంత్రం గంట ఎక్కువ పనికొస్తుంది. ఐదో తరగతి పిల్లలు కేంద్ర ప్రభుత్వ నవోదయ విద్యాలయం ప్రవేశ పరీక్ష రాయొచ్చు. మీ జిల్లాది వెన్నెలవలసలో ఉంది. సీటొస్తే ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, వసతి అన్నీ వాళ్ళే చూస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. వాటిలో 40 మెంటల్ ఎబిలిటీ, 20 లెక్కలు, 20 భాష. సీటు రాకపోతే కస్తూర్బా విద్యాలయంలో ఆరో తరగతి ఉంది, అదీ ఆడపిల్లలకి ఉచితమే. తల్లికి వందనం డబ్బు వాళ్ళమ్మ ఖాతాలో పడిందో లేదో కూడా కనుక్కోండి. పాపని బడికి పంపితేనే ఆ డబ్బు వస్తుందని ఇంట్లో అందరి ముందూ చెప్పండి.

ఆధార్‌లో, బడి రికార్డులో పాప పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో ఈ వారమే చూడండి. ఆఖరి నిమిషంలో పిల్లలు తప్పిపోయేది అక్కడే. నేను పిల్లల చేత చేయించిన మెంటల్ ఎబిలిటీ బిట్ల కట్ట ఇంకా నా దగ్గర ఉంది. పత్రిక చిరునామాకి మీ బడి అడ్రసు రాసి పంపండి, జిరాక్స్ తీయించి పోస్టు చేస్తాను.