అమీర్‌పేటలో సి నేర్చుకోబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

బీకాం చదివిన పిల్ల ఉద్యోగం మానేసి, అమీర్‌పేట హాస్టల్లో చేరి సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానంటోందని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది గానీ, మీ అమ్మకన్నా నాకే ఎక్కువ టెన్షన్. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి మోసపోకు. డెమో క్లాసు వినకుండా ఫీజు కట్టొద్దు. కోఠీలో పాత పుస్తకం ఒకటి కొనుక్కో. రోజూ ప్రోగ్రాం రాయి.

ఒక్క విషయం మాత్రం నిదానంగా చదువు. అంకెని టెక్స్ట్‌గా మార్చడం వేరు, టైప్ కాస్టింగ్, అంటే ఒక రకం విలువని ఇంకో రకంగా చూడమని కంప్యూటర్‌కి చెప్పడం, వేరు. 65ని చార్‌గా, అంటే ఒక్క బైటులో పట్టే అక్షరంగా, కాస్ట్ చేసి ప్రింట్ చేస్తే 65 రాదు, క్యాపిటల్ ఏ వస్తుంది. అక్షరాలకీ గుర్తులకీ నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో ఆ అక్షరం నంబరు అదే. 65 అని కనబడాలంటే 6కి 54, 5కి 53 అని రెండు గుర్తులు విడివిడిగా రాయాలి. ఆ పని చేసేది సిలో ఉండే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ అనే ఫంక్షన్. 32 బిట్ల ఇంట్‌ని (సిలో పూర్ణసంఖ్యల రకం) అలా రాయడానికి 12 బైట్ల చోటివ్వు: పది అంకెలు, మైనస్ గుర్తు, టెక్స్ట్ అయిపోయిందని చెప్పడానికి చివర సున్నా బైటు.

మా పాత ఆఫీసులో బిల్లుల ప్రోగ్రాం రాసిన కుర్రాడు, కంపైలర్ (ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చేది) ఇక్కడేదో తేడాగా ఉందని వార్నింగ్ ఇస్తోందని దాని నోరు మూయించడానికి ఓ చార్ కాస్ట్ తగిలించాడు. 72 యూనిట్లు వాడినాయన బిల్లులో హెచ్ పడింది. 300 వాడినవాళ్లకి కామా! ఒక్క బైటులో 300 పట్టదు కదా, 256 పోగా మిగిలిన 44 కామా నంబరు. 12 యూనిట్ల బిల్లు రాగానే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు సర్రున కొత్త పేజీకి పోయింది. 7 దగ్గర కుయ్యిమంది. 12 అంటే పేజీ మార్చమని, 7 అంటే గంట కొట్టమని దానికి. అందరూ ప్రింటరునే తిట్టారు. మెకానిక్ వచ్చి రిబ్బన్ మార్చి డబ్బులు పట్టుకెళ్లాడు. మళ్లీ కుయ్! కుర్రాడు తెలివైనవాడే, పాపం. వార్నింగ్ సంగతి ఎవరికీ చెప్పలేదు, అంతే.

నా భయమూ అదే. జ్వరమొచ్చినా చెప్పకుండా బడికెళ్లిన దానివి నువ్వు. వార్నింగులూ అలాగే దాచేస్తావేమో, తన్నులు తింటావ్.

ఫోన్ నంబర్లని మాత్రం మొదటినుంచీ టెక్స్ట్‌గానే ఉంచు. మన పదంకెల మొబైల్ నంబరు ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647ని దాటిపోతుంది, అందులో పట్టదు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. గుత్తి వంకాయ చేస్తాను. ముందు వార్నింగులు చూపించాలి, తర్వాతే భోజనం.

మీ పెద్దమ్మ