బియ్యం డబ్బా మీది చేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటిక చదివి కోపంతో పక్కన పడేశాను. గంట నాటికలో పదిహేడు సీన్లా? ఆరుచోట్ల ‘కట్ చేస్తే’ అని రాశావు. ఒకచోట ‘తల్లి కంట్లో నీటిచుక్క, క్లోజప్’ అన్నావు. చివరి వరసలో చాప మీద కూర్చున్న మనిషికి ఆ చుక్క ఎలా కనిపిస్తుంది?

మర్నాడు మళ్లీ తీశాను, ఐదో సీను కోసం. కొడుకు సైకిలు చప్పుడు వినపడగానే ఆ తల్లి ఖాళీ బియ్యం డబ్బా మీద చేట బోర్లిస్తుంది. వాడు గడప దాటకముందే “తినే వచ్చావా?” అని అడిగేస్తుంది. చదివి చాలాసేపు లేవలేకపోయాను. చివరి వరస దాకా కనిపించే చేట నీ చేతిలో ఉండగా క్లోజప్ ఎందుకు?

సినిమాకి పనికొచ్చేలా నాటకం రాస్తే అది రెంటికీ పనికిరాదు. ఈ మాట నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఆత్రేయగారిని చూడు. 1951లో ‘దీక్ష’ సినిమాకి పాట రాయకముందే నాటకాల్లో నలిగిన మనిషి. ‘ఎన్.జి.ఓ.’ నాటకంలో చిరుద్యోగి బతుకును ఇంట్లో మాటలతోనే చూపించాడు. సినిమాల్లో ఆయన మాట అంత తేలిగ్గా మనసుకి తగలడానికి నాటకమే కారణమని నా నమ్మకం. అర్థంకాని మాట పడితే ఎదుట కూర్చున్న జనం వెంటనే దగ్గుతారు, కదులుతారు. ఆ దగ్గు విన్నవాడు మళ్లీ అలాంటి మాట రాయడు. గణేష్ పాత్రోగారు కూడా ‘కొడుకు పుట్టాల’, ‘పావలా’ నాటకాలు రాసిన చేత్తోనే 1978లో ‘మరోచరిత్ర’ సినిమాకి మాటలు రాశారు.

ఈ కాలపు నాటక పోటీల పరిషత్తుల్లో లైట్లకీ, సెట్టుకీ పడే చప్పట్లు మాటకి పడటం లేదు. నువ్వు చెడిపోయింది అక్కడే. నా రోజుల్లో ఒక వారపత్రిక ఎడిటరు నా నాటిక తిప్పి పంపుతూ ‘కథగా మార్చి పంపండి’ అని రాశాడు. నేను మార్చలేదు. ఆ చీటీ ఇంకా దాచుకున్నాను.

సినిమాకీ వెళ్లాను. ఒక నిర్మాత మద్రాసులో లాడ్జి గది ఇచ్చి మూడు నెలలు రాయించుకున్నాడు. విడుదలయ్యాక హాల్లో కూర్చుంటే పేర్లలో నా పేరు లేదు. నా మాటలు మాత్రం నాలుగైదు వినిపించాయి. చీకట్లో ఎవరికి చెప్పుకోను? ఇంటికొస్తే ఒక పల్లెటూరి మాస్టారి కార్డు వచ్చి ఉంది. ‘సంక్రాంతికి మీ నాటిక వేసుకుంటాం, అనుమతి ఇవ్వండి. ఆడవేషానికి మనిషి దొరకలేదు, మా తమ్ముడితో వేయిస్తున్నాం’ అని. ఆ కార్డు పట్టుకుని ఏడ్చాను.

హైదరాబాదులో ఎవరిని కలవాలి, ఎంత ఇస్తారు అని అడిగావు. ఆ సంగతి తర్వాత.

ముందు ఆ సీన్లన్నీ తీసేసి ఇల్లొక్కటే ఉంచు. కొడుకు లోపలికి రాగానే తలుపు వెయ్యి. తల్లి ఎంతసేపు దాచగలదో, వాడు ఎప్పుడు పసిగడతాడో రాయి. దసరాలోపు పంపితే మా ఊరి కుర్రాళ్లతో పైకి చదివించి వింటాను.