పాంక్రియాటైటిస్ వచ్చాక స్కాన్‌లో సిస్ట్ కనబడితే: మా అమ్మ అనుభవం

మీ నాన్నగారికి 58 ఏళ్ళు, తాగుడు అలవాటు లేదు, పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్, అంటే క్లోమానికి వచ్చే వాపు) వచ్చి కడుపునొప్పితో చేర్పించిన మూడో రోజు సీటీ తీస్తే పాంక్రియాస్‌లో 2.5 సెంటీమీటర్ల సిస్ట్ (ద్రవం నిండిన తిత్తి) ఉందన్నారు, "వాపు వల్ల వచ్చిందే, అదే పోతుంది" అన్నారు, నమ్మవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. కానీ అమ్మ విషయంలో సరిగ్గా ఇదే మాట విని ఎనిమిది నెలలు ఊరుకున్నాం, అందుకే రాస్తున్నాను.

అమ్మకు అప్పుడు 61. ఒక రాత్రి అన్నం తిన్న గంటకి పై కడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకుపోయింది. పడుకోలేదు, నిలబడలేదు. మంచం అంచున కూర్చుని దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగిపోయింది. రక్తపరీక్షలో లైపేజ్ (పాంక్రియాస్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 1,800 దాటింది. ఈ జబ్బుకు కారణమయ్యే పిత్తాశయ రాళ్ళు లేవు, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ (కొవ్వు), కాల్షియం మామూలుగానే ఉన్నాయి. డ్యూటీ డాక్టర్ మాత్రం "మందు తాగుతారా?" అని మూడుసార్లు అడిగారు. జీవితంలో వాసన కూడా చూడని మనిషి. "నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టిందిరా" అని తర్వాత ఏడ్చింది. ఈ జబ్బు అనగానే తాగుడు అనుకునేవాళ్ళు మీకూ ఎదురవుతారు. ఆ టెన్షన్ మీ నాన్నగారి మీద పడనివ్వకండి.

డిశ్చార్జి కాగితంలో కారణం తెలియదని, పక్కన చిన్న సూడోసిస్ట్ ఉందని రాశారు. ఎనిమిది నెలలకు మళ్ళీ అదే నొప్పి. ఈసారి హైదరాబాద్ తీసుకెళ్ళాం. అక్కడి గ్యాస్ట్రో డాక్టరు గారు ఫైలు పూర్తిగా చదివి ఒకే ప్రశ్న అడిగారు: "ముందు వచ్చింది సిస్టా, నొప్పా?"

సూడోసిస్ట్ అంటే వాపు వచ్చినప్పుడు పాంక్రియాస్ చుట్టూ చేరిన ద్రవానికి మెల్లగా గోడ కట్టడం. దానికి సుమారు నాలుగు వారాలు పడుతుందట. మొదటి రోజుల్లోనూ ద్రవం చేరవచ్చు గానీ దానికి సరైన గోడ ఉండదు. నొప్పి వచ్చిన రెండు మూడు రోజులకే చక్కటి గోడతో సిస్ట్ కనబడితే, అది ముందునుంచే ఉందేమోనని అనుమానించాలి. మీ నాన్నగారి సీటీ మూడో రోజుది కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను.

హైదరాబాద్ డాక్టరు గారు పాత స్కాన్లు ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగారు. నాన్నకు ఫోన్ చేస్తే బీరువాలో పట్టుచీరల కింద మందుల షాపు కవరు ఒకటి దొరికింది. ఆరేళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్‌కు ముందు తీయించిన అల్ట్రాసౌండ్ రిపోర్టు. చివరి నుంచి రెండో వరుసలో ఉంది: పాంక్రియాస్ బాడీలో (మధ్య భాగంలో) 11 మిల్లీమీటర్ల సిస్ట్, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్ (అంటే రోగి లక్షణాలతో పోల్చి చూడమని). ఆ వరుస ఎవరూ చదవలేదు, మేమూ చదవలేదు. ఇప్పుడది 24 మిల్లీమీటర్లు.

ఎమ్మార్‌సీపీలో (పిత్త, పాంక్రియాస్ నాళాలను చూపించే ఎమ్మారై స్కాన్) ఆ సిస్ట్ పాంక్రియాస్ నాళంతో కలిసి ఉన్నట్టు తేలింది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్) చేసి సూదితో తీసిన ద్రవం జిగురుగా తీగలా సాగిందని డాక్టరు గారు రెండు వేళ్ళు కలిపి విడదీసి చూపించారు. ఇలా పాంక్రియాస్ నాళాల్లో జిగురు ఊరే సిస్ట్‌ను ఐపీఎంఎన్ అంటారు. ఆ జిగురు నాళానికి అడ్డం పడినప్పుడు జీర్ణరసాలు బయటికి పోలేక పాంక్రియాస్‌నే దెబ్బతీస్తాయి. అంటే అమ్మకు నొప్పి వల్ల సిస్ట్ రాలేదు, సిస్ట్ వల్లే నొప్పి వచ్చింది.

క్యాన్సర్ భయం గురించి. పక్క నాళాల్లో వచ్చే ఇలాంటి చిన్న సిస్టులు చాలావరకు క్యాన్సర్‌గా మారవు. కానీ ముందుముందు మారే గుణం కొన్నిటికి ఉంటుంది కాబట్టి వదిలేయకూడదు. కామెర్లు, సిస్ట్ లోపల గట్టి గడ్డ, ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బడం ఉంటే సర్జన్ దగ్గరికి వెంటనే వెళ్ళాలి. సైజు 3 సెంటీమీటర్లు దాటడం, సిస్ట్ వల్ల పాంక్రియాటైటిస్ రావడం కూడా గట్టిగా పరీక్షించాల్సిన లక్షణాలే. కొత్తగా షుగర్ వచ్చినా డాక్టరుకు తప్పక చెప్పండి.

అమ్మకు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆపరేషన్ చేద్దామన్నారు. పాంక్రియాస్ ఎడమ భాగం, దానితో పాటు స్ప్లీన్ (ప్లీహం) తీసేశారు. స్ప్లీన్ లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు ప్రమాదం కాబట్టి న్యుమోనియా, మెనింజైటిస్ టీకాలు రెండు వారాల ముందే వేయించారు. బయాప్సీలో క్యాన్సర్ లేదు. షుగర్ మాత్రం వచ్చింది, మాత్రలు వేసుకుంటోంది. మిగిలిన పాంక్రియాస్‌లో కొత్త సిస్ట్ రావచ్చు కాబట్టి ఏటా ఎమ్మార్‌సీపీ తీయిస్తున్నాం. అందరికీ ఆపరేషన్ అవసరం పడదు, చాలామందిని స్కాన్లతో గమనిస్తారు.

మీ నాన్నగారిది నిజంగా సూడోసిస్టే కావచ్చు. అయినా వాపు తగ్గాక ఎమ్మార్‌సీపీ ఎప్పుడు తీయాలో, సిస్ట్ నాళంతో కలిసి ఉందో లేదో డిశ్చార్జికి ముందే అడగండి. ఈలోపు జ్వరం, ఆగని వాంతులు, కళ్ళు పచ్చబడటం, మళ్ళీ ఆ నొప్పి, ఏది వచ్చినా ఇంట్లో ఆగకండి. ఇవాళే అమ్మగారిని పాత కవర్లు వెతకమనండి. ఏ కారణంతో తీసిన స్కాన్ అయినా సరే, దొరికితే అందులో పాంక్రియాస్ గురించి రాసిన వరుస, తేదీ, సైజు డాక్టరు గారికి చూపించి నాకూ ఇక్కడ రాయండి.