యానాం రేటుకి వ్యాట్ తగ్గిస్తే మన సైడుకి కంపెనీలు వస్తాయా? బండ్లు తిప్పేవాడి లెక్క

మీరు అడిగింది ఏంటంటే, ఆంధ్రాలో పెట్రోలు డీజిల్ మీద పన్ను ఎక్కువ, పక్కనే పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో తక్కువ, మనం కూడా ఆ లెవెల్‌కి తగ్గిస్తే వ్యాపారాలు పెరిగి పోయిన పన్ను మళ్ళీ వచ్చేస్తుంది కదా అని. నేను ముమ్మిడివరం సైడు రొయ్యలు తోలే బండ్లు నడుపుతానండి, చెరువుల దగ్గర్నుంచి కాకినాడ వైపు ప్లాంట్లకి, అంటే 216 హైవే మీద ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం మీదుగానే పోవాలి. కాబట్టి ఈ తేడా నాకు రోజూ కనపడేదే. నా సమాధానం ఏంటంటే బంకుల్లో అమ్మకాల బిల్లులు కొన్ని వస్తాయి, కంపెనీలు రావు.

ముందు తేడా ఎంతో చెప్తాను. మనకి పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, దాని మీద లీటరుకి 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు అని ఇంకో రూపాయి. డీజిల్ అయితే 22.25 శాతం, ఆ 4, ఆ 1 మామూలే. యానాంలో 2025 జనవరిలో పెంచిన తర్వాత కూడా పెట్రోలు మీద 17.69 శాతమే. చేతికొచ్చేసరికి లీటరు దగ్గర పది రూపాయలకి అటూ ఇటూ తేడా పడుతుంది. దాంతో కోనసీమ నుంచి కాకినాడ పోయే బండి ఏదైనా సరే యానాంలో ఆగకుండా పోదు, ఆ చిన్న ఊళ్ళో బంకులు చూస్తే కొత్తవాళ్ళకి ఆశ్చర్యమేస్తుంది. ఇటు ముమ్మిడివరం, అటు తాళ్ళరేవు బంకులోళ్ళు పాపం ఈగలు తోలుకుంటా కూర్చుంటారు. మందు సంగతి నేను చెప్పక్కర్లేదు. కార్లు కూడా అంతే, లైఫ్ టాక్స్ కలిసొస్తుందని యానాం అడ్రస్ పెట్టి పీవై 04 నంబరు వేయించుకున్న బండ్లు కాకినాడలో, అమలాపురంలో ఎన్ని తిరుగుతున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

ఇక్కడ చూడండి, యానాంకి పోయినవన్నీ ఏంటి? ట్యాంకులో పట్టే డీజిలు, సంచిలో పట్టే సీసా, కాగితం మీద మారే అడ్రస్సు. అదీ దారిలో ఉన్నోళ్ళకే. రావులపాలెం నుంచి ఎవడూ డీజిల్ కోసం యానాం రాడు, వచ్చేసరికి మిగిలేది కాలిపోద్ది. వంతెన లేనప్పుడు పంటు (బల్లకట్టు) మీద గోదావరి దాటే రోజుల్లో అయితే మా వాళ్ళకే ఈ రేటు తేడాతో పెద్దగా పనుండేది కాదు, అంటే పన్ను తక్కువ అన్న సంగతి కూడా రోడ్డు పడ్డాకే పనిచేసింది. రొయ్యల చెరువు మాత్రం ఒక్కటి కూడా అటు పోలేదండి. పోదు కూడా, నీళ్ళు ఇక్కడున్నాయి, భూమి ఇక్కడుంది, రొయ్యలు పట్టే మనుషులు ఇక్కడున్నారు. భూమి రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం కడతాం, తిట్టుకుంటా కడతాం, కానీ భూమిని ఎత్తుకుని ఎక్కడికి పోతాం.

ఇంకోటి, పుదుచ్చేరితో మనకి పోలిక పెట్టకూడదు. అది కేంద్రపాలిత ప్రాంతం, దానికి కేంద్రం గ్రాంటు దారి వేరు, యానాం మొత్తం కలిపితే 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మనోళ్ళు వచ్చి కొంటారు కాబట్టి తక్కువ రేటు పెట్టినా దానికి గిట్టుబాటు అవుతుంది. మన రాష్ట్రం తగ్గిస్తే మనకి ఎవరొచ్చి కొంటారు? తడ దగ్గర తమిళనాడు లారీలు కొన్ని, అంతే.

అసలు గొడవ 2017 జులైలో జీఎస్టీ వచ్చిన కాడ్నించి మొదలైందని నా లెక్క. అంతకుముందు ఒక రాష్ట్రం సేల్స్ టాక్స్ తగ్గించి ఫ్యాక్టరీని లాక్కునేది. ఇప్పుడు సరుకు ఎక్కడ వాడితే పన్ను ఆ రాష్ట్రానికి, భీమవరంలో తయారైన సరుకు గుజరాత్‌లో అమ్మితే రాష్ట్రం వాటా గుజరాత్‌కే. రేటు జీఎస్టీ కౌన్సిల్ పెడుతుంది, మనం ఒక్కళ్ళం తగ్గించుకోలేం. రాష్ట్రం చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిలు, మందు, రిజిస్ట్రేషను, బండ్ల టాక్సు, ఇలాంటివే. అందుకే డబ్బు కావాల్సొచ్చినప్పుడల్లా ఏ పార్టీ ఉన్నా చెయ్యి వాటి మీదకే పోతుంది. మాకు ఇంకో బాధేంటంటే డీజిల్ వ్యాటుకి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే కట్టింది వేరే పన్నులో తగ్గించుకోవడానికి లేదు, నేను కట్టింది కిరాయిలో కలుస్తుంది, కిరాయి రొయ్య రేటులో కలుస్తుంది, ఆ రొయ్య పోయి ఈక్వడార్ రొయ్యతో పోటీ పడాలి. కాబట్టి డీజిల్ తగ్గించమంటే నేను చెయ్యెత్తుతాను, నాకు స్వార్థం ఉంది, దాచను.

కానీ నా బండి ఖర్చు పుస్తకం తీస్తే డీజిల్ తేడా కంటే ఎక్కువ బాధపెట్టేవి వేరే ఉన్నాయి. బండి కింద కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), టైర్లు, ఐసు. లోపల ఊళ్ళ రోడ్లు గోతులు పడితే గంటలో రావాల్సిన సరుకు రెండు గంటలు పడుతుంది, ఐసు కరుగుతుంది, ప్లాంటు దగ్గర సరుకు మెత్తబడిందని కేజీకి ఇంత అని కోసేస్తారు. ఆ కోత ముందు లీటరుకి పది రూపాయలు ఏ మూలకి? రోడ్డు సెస్సు మాత్రం 2020 నుంచి లీటరు లీటరుకీ కడుతున్నాం. కరెంటు కూడా అంతే. ఆక్వాకి యూనిట్ రూపాయిన్నర అని ఇస్తున్నారు, అర్హత ఉన్నోళ్ళకి మంచిదే, కానీ రాత్రిపూట కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగుతాయి, రొయ్య పైకి తేలిపోతుంది, జనరేటర్ వేస్తే మళ్ళీ అదే డీజిలు. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడే అని కరెంటు కోసినప్పుడు యూనిట్ రేటు గురించి ఎవడూ మాట్లాడలేదు, కరెంటు ఉంటే చాలు అన్నారు.

వరి వాళ్ళదీ ఇదే కథ. కాలవ నీళ్ళకి కట్టే నీటి తీరువా తొలి పంటకి ఎకరాకి 200 రూపాయలు, అది ఎవరికి బరువండి? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ఊడ్పులు మానేశారు, దేశమంతా మాట్లాడుకుంది. అప్పుడు అడిగింది మద్దతు ధర పెంచమని, కూలీలు దొరకట్లేదని, డ్రెయిన్లు పూడిపోయి పంట మునిగిపోతోందని. తీరువా తగ్గించమని అడిగినోళ్ళని నేనైతే వినలేదు. ఈ డెల్టా డెల్టా అయ్యిందే ప్రభుత్వం ఖర్చు పెడితే. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే ఇక్కడ పన్ను వెయ్యడానికి ఏముండేది? కాటన్ దొర దయాదాక్షిణ్యం సంగతి ఎలా ఉన్నా, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు శిస్తు పెరుగుతుందనే డబ్బు పెట్టారు, పెరిగింది.

యానాంలో కూడా చూడండి, పెద్ద ఫ్యాక్టరీ అంటే రీజెన్సీ సిరామిక్స్ ఉండేది, గ్యాసు దగ్గర్లో ఉండబట్టి బాగా నడిచింది, 2012 జనవరిలో కార్మికుల గొడవల్లో మూతపడింది. పన్ను తక్కువ అన్నది దాన్ని కాపాడలేదు.

అలాగని ఖర్చు పెడితే చాలు అనట్లేదు. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, పథకాలు పోగా కాలవలకి, రోడ్లకి మిగిలేదాని మీదే నా గొడవంతా. పథకాలు వద్దనను, మా డ్రైవర్ ఇల్లు వాటితోనే నిలబడింది. ఆ మిగిలినది కూడా టైముకి ఖర్చు కాదు. కాలవలు వేసవిలో కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే పూడిక తియ్యాలి, ఇక్కడేమో టెండర్లు తేలేసరికి జూన్‌లో నీళ్ళు వదిలేస్తారు, గుర్రపుడెక్క పైపైన లాగి బిల్లు పెట్టేస్తారు. డీజిల్ మీద రెండు మూడు రూపాయలు తగ్గించి, రోడ్డు సెస్సు ఏ జిల్లాలో వసూలైంది ఆ జిల్లా రోడ్లకే అని రాసిచ్చి, డ్రెయిన్ టెండర్లు జనవరిలో పిలిస్తే మా సైడు ఐసు ప్లాంట్లు, ప్రాసెసింగ్ యూనిట్లు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, స్థలాలు చూసుకుని ఆగినోళ్ళు నాకే తెలుసు. వాళ్ళు నన్ను అడిగేది వ్యాటు గురించి కాదండి, వర్షాకాలంలో లోడు బండి లోపలికి వస్తదా అని.